నాలుగు గుర్రాలు, 35 మంది పిల్లలు: స్వారీ పాఠాల టైంటేబుల్‌పై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు స్వారీ నేర్పే మాస్టర్లు, గుర్రాల యజమానులు రాసినవే. ఎక్కువమంది అడిగింది పనివేళల గురించి. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: విజయనగరం శివారులో నాలుగు గుర్రాలతో స్వారీ క్లాసులు పెట్టాం. వేసవి సెలవులకు 35 మంది పిల్లలు పేర్లిచ్చారు. వారానికి మూడు క్లాసులని చెప్పాం. పొద్దున్నా సాయంత్రం నడిపినా సరిపోవడం లేదు. పైగా ఒక గుర్రం ఈమధ్య జీను కదలకుండా కట్టే పొట్టపట్టీ బిగిస్తుంటే కొరకడానికి వస్తోంది. టైంటేబుల్ ఎలా వేసుకోవాలండీ? (నెల్లిమర్ల)

జవాబు: మీరు పిల్లల పేర్లతో మొదలుపెట్టారు. ముందు తేల్చుకోవాల్సింది గుర్రాలు ఎంత పని చేయగలవన్నది. కొత్తగా నేర్చుకునేవాళ్లను మోయడం గుర్రానికి తేలికపని కాదు. పిల్లాడు జీను మీద ఎగిరెగిరి పడుతుంటే ఆ దెబ్బలన్నీ నడుముకే తగులుతాయి. అందుకని అలాంటి గుర్రానికి రోజుకు రెండు గంటలే లెక్క వేసుకోండి. అందులోనూ ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) మొత్తం కలిపి 40 నిమిషాలు దాటకూడదు. డిసెంబరు, జనవరిల్లో మధ్యలో బాగా విశ్రాంతి ఇస్తూ మూడు గంటల దాకా పోవచ్చు. మేలో మన కోస్తాలో గంటన్నర చాలు. వారానికి ఒక రోజు ప్రతి గుర్రానికీ పూర్తి సెలవు. అన్నిటికీ ఒకే రోజు ఇవ్వక్కర్లేదు.

ఇప్పుడు మీ లెక్క. నాలుగు గుర్రాలు, ఆరేసి రోజులు: వారానికి 24 గుర్రపు రోజులు. మేలో రోజుకు గంటన్నర చొప్పున 36 గంటలు. క్లాసు 45 నిమిషాలైతే 48 క్లాసులు. నాడా (గిట్టకు కొట్టే ఇనుప లాడం) ఊడిపోవడం, కాలు బరువుగా వేయడం, వాన లాంటివాటికి పదోవంతు తీసేస్తే 43 మిగులుతాయి. వారానికి మూడు క్లాసులంటే 14 మంది. మీరు ఒప్పుకున్నది 35 మందిని. ఆ తేడా అంతా గుర్రాల వీపు మీద పడుతోంది.

ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. 35 మందినీ రెండు బ్యాచులు చేయండి. ఒక్కో బ్యాచికి పదిహేను రోజులు. ఒక్కొక్కరికి వారానికి రెండు స్వారీ క్లాసులు, ఒక లాయం క్లాసు. లాయం క్లాసులో మాలీషు చేయడం, గిట్ట ఎత్తి లోపల శుభ్రం చేయడం, కళ్లెం విప్పి మళ్లీ కూర్చడం నేర్పండి. దీన్ని ఖాళీ నింపడానికి పెట్టే క్లాసు అనుకోవద్దు. గిట్ట ఎత్తడం వచ్చిన పిల్లాడికి గుర్రం పక్కన ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. వెనక్కి వెళ్లి తన్నులు తినే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. తల్లిదండ్రులకు ఈ మార్పు ముందే చెప్పి, ఒప్పుకోనివాళ్లకు ఫీజు తిరిగివ్వండి.

కొరకడానికి వస్తున్న గుర్రాన్ని ఈరోజే టైంటేబుల్ నుంచి తీసేయండి. అది పొగరు కాదు, నొప్పి. జీను తీసి, వెన్నుపూసకు రెండువైపులా మూడు వేళ్లతో మెడ నుంచి నడుము దాకా మెల్లగా నొక్కుతూ రండి. ఎక్కడ కండ వణికినా, వీపు కిందికి జారవిడిచినా అక్కడ దెబ్బ ఉన్నట్టు. జీను తీశాక చెమట తడి మధ్యలో పొడి మచ్చలు కనిపిస్తే అక్కడ ఒత్తిడి పడుతోందని అర్థం. ఈ రెండూ లేకపోతే కడుపులో పుండు ఉండవచ్చు. ఖాళీ కడుపుతో ట్రాట్ చేయిస్తే ఆమ్లం పైకి ఎగజిమ్మి పుండ్లు పడతాయి. పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: మే నెలలో క్లాసులు ఎన్ని గంటలకు పెట్టాలి? దాణా ఎప్పుడు వేయాలి? మా సైసు (గుర్రాలను చూసుకునే మనిషి) అయితే "తినీసింది బాబూ, ఎక్కీచ్చు" అంటాడు. ఎక్కవచ్చా? (ఎచ్చెర్ల)

జవాబు: దాణా తిన్న వెంటనే ఎక్కకూడదు. కనీసం గంటన్నర ఆగాలి. నిండిన కడుపుతో పరిగెత్తిస్తే ఊపిరితిత్తులకు చోటు చాలదు, కడుపునొప్పికీ దారితీస్తుంది. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు, అందుకే దాని కడుపునొప్పి ప్రాణం మీదికి వస్తుంది. అలాగని ఖాళీ కడుపుతోనూ పనిలోకి దింపకూడదు. క్లాసుకు ముందు కిలో, కిలోన్నర గడ్డి వేసి, దాణా క్లాసులయ్యాకే పెట్టండి.

మన దగ్గర మే చివర్లో సూర్యుడు 5.20 ప్రాంతంలోనే వచ్చేస్తాడు. దాన్నిబట్టి రోజు ఇలా నడుస్తుంది. 4.15కి నీళ్లు, గడ్డి. 4.45కి మాలీషు, గిట్టలు, జీను. రెండు గుర్రాలకు ఒక సైసు ఉంటే దీనికి అరగంట పడుతుంది. 5.20కి మొదటి క్లాసు, 6.20కి రెండోది. మధ్య పావుగంటలో పొట్టపట్టీ వదులు చేసి, నడిపించి, నీళ్లు చూపించాలి. 7.15కల్లా ఆఖరి జీను దిగిపోవాలి. ఒళ్లు చల్లారాక, అంటే సుమారు 8.30కి దాణా. సాయంత్రం 5.15కి ఒకే క్లాసు. పొద్దున రెండు క్లాసులు చేసిన గుర్రాన్ని దానికి దింపొద్దు. దాణా మొత్తాన్ని రెండు మూడు పూటలుగా పంచాలి. ఒక్క పూటకు రెండు కిలోలు మించకూడదు.

తెల్లవారుజాము చల్లగా ఉంది కదా అని ట్రాట్ పొడిగించకండి. గాలిలో తేమ అప్పుడే ఎక్కువ. గుర్రాల వాళ్లకు ఒక పాత లెక్క ఉంది: ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు తేమ శాతం కలపాలి. మొత్తం 130 లోపయితే ఇబ్బంది లేదు. 150 దాటితే చెమట సరిగా ఆరదు, పని తగ్గించాలి. 180 దాటితే ఎక్కనే కూడదు. మేలో పొద్దున్న 28 డిగ్రీల సెల్సియస్, తేమ 85 శాతం అనుకోండి. 82కి 85 కలిపితే 167. అంటే మన సముద్రపు గాలికి పొద్దున్న కూడా గుర్రం ఒళ్లు చల్లారడం కష్టమే. మూడు నిమిషాల ట్రాట్, నాలుగు నిమిషాల నడక, ఈ వరసలో క్లాసు నడపండి.

క్లాసయ్యాక పది పదిహేను నిమిషాలకు గుండె చప్పుడు లెక్కపెట్టండి. దవడ కింద, ఎముక అంచున వేలికి నాడి దొరుకుతుంది. నిమిషానికి 60 లోపుకు దిగాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 28 నుంచి 44 మధ్య ఉంటుంది. దిగకపోతే ఒళ్లంతా నీళ్లు పోస్తూనే ఉండండి. వేడెక్కిన ఒంటి మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న మాట నిజం కాదు. పోయకపోవడమే ప్రమాదం. ఇంకొకటి కనిపెట్టండి. తోటి గుర్రాలు తడిసి ముద్దయితే ఒక్కటి మాత్రం పొడి చర్మంతో రొప్పుతుంటే దానికి చెమట పట్టడం ఆగిపోయింది. తేమ వేడి ప్రాంతాల్లో, ముఖ్యంగా రేసుల నుంచి కొన్న థరోబ్రెడ్ జాతి గుర్రాల్లో ఇది కనిపిస్తుంది. అలాంటిదానికి వేసవంతా క్లాసుల్లేవు. నీడ, ఫ్యాను, డాక్టరు.

ప్రశ్న: ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు పొద్దున్న బ్యాచికి వస్తామంటున్నారు. 85 కిలోల ఆయన ఒకరున్నారు. మా గుర్రం చిన్నదే. ఎక్కించొచ్చా? (రాజాం)

జవాబు: టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. వచ్చేది కిలోల్లో బరువు. చుట్టుకొలత 165, పొడవు 150 అయితే సుమారు 344 కిలోలు. మనిషి, జీను కలిపి అందులో ఐదోవంతు మించకూడదు. అంటే 69 కిలోలు. జీనుకు 8 కిలోలు తీసేస్తే మనిషికి మిగిలేది 60 చిల్లర. గుర్రం బక్కగా ఉన్నా, పని అలవాటు లేకున్నా ఇంకా తగ్గించాలి.

85 కిలోల ఆయనకు కనీసం 470 కిలోల గుర్రం కావాలి. లేకపోతే మర్యాదగా కాదని చెప్పండి. ఈ పరిమితి ఫీజు కాగితం మీదే అచ్చువేస్తే ఎవరి ముఖం మీదా చెప్పాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మేం టైంటేబుల్ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. వేరే పుస్తకం ఎందుకు? (బొబ్బిలి)

జవాబు: వాట్సాప్ పిల్లల తల్లిదండ్రులకు. లాయంలో గోడకు నల్లబల్ల ఉండాలి. అడ్డంగా గంటలు, నిలువుగా గుర్రాల పేర్లు. గడిలో పిల్లాడి పేరు. గుర్రం పేరు వెంట చూస్తూ పోతే దానికి ఎన్ని గళ్లు నిండాయో సైసుకు కూడా కనిపిస్తుంది. పిల్లల పేర్ల వరసన రాస్తే అది తెలియదు. అందరూ ఇష్టపడే నెమ్మదైన గుర్రం నాలుగు క్లాసులు చేసిందని సాయంత్రానికి గానీ బయటపడదు.

పుస్తకంలో రోజూ రాయాల్సింది కొంచెమే: ఎన్ని నిమిషాలు పనిచేసింది, తిన్నదా, పేడ మామూలుగా ఉందా, ఉష్ణోగ్రత ఎంత. నాడా మార్చిన తేదీ పక్కన ఆరు వారాల తర్వాతి తేదీని అప్పుడే రాసిపెట్టుకోండి. ఆ రోజు ఆ గుర్రానికి క్లాసులు వేయకూడదు. టెటనస్ టీకా తేదీలూ అలాగే.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉష్ణోగ్రత కాలమ్‌ను అశ్రద్ధ చేయవద్దు. వానల తర్వాత జోరీగలు పెరిగి సర్రా జబ్బు వ్యాపిస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, కాళ్లూ పొట్ట కిందా నీరు దిగుతుంది, గుర్రం చిక్కిపోతుంది. 38.5 డిగ్రీలు దాటిన పొద్దున ఆ గుర్రానికి క్లాసు లేదు.

ప్రశ్న: నాకు సొంత గుర్రాలు లేవు. పొద్దున్న భోగాపురం వైపు ఒక చోట, సాయంత్రం విజయనగరంలో ఒక చోట నేర్పుతాను. సాయంత్రానికి గొంతు పోతోంది. యజమానులు "ఇంకో ఇద్దర్ని కలుపుకోమ్మా" అంటారు. కాదనలేకపోతున్నాను. (చీపురుపల్లి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు కాదనలేకపోవడానికి కారణం కాగితం లేకపోవడం. పని ఒప్పుకునేటప్పుడే నాలుగు విషయాలు రాయించుకోండి. ఒకటి, రింగులో, అంటే స్వారీ నేర్పే ఆవరణలో, ఒకేసారి ఎంతమంది అన్నది. సొంతంగా గుర్రాన్ని ఆపడం, తిప్పడం వచ్చినవాళ్లు నలుగురు. అది రానివాళ్లను గుంపులో వేయనే వద్దు. రెండు, ఏ గుర్రాన్నయినా ఆ పూటకు పక్కన పెట్టే హక్కు మీదే. మూడు, క్లాసు క్లాసుకూ మధ్య పావుగంట, దానికీ జీతం. నాలుగు, పిల్లలు రాకపోయినా మీరు వచ్చి నిలబడ్డ గంటకు డబ్బు.

కొత్తవాళ్లకు గుంపు క్లాసు దండగ. ముందు పొడవు తాడు మీద గుండ్రంగా తిప్పుతూ ఒక్కొక్కరికే పాఠం చెప్పాలి. పగ్గాలు వాళ్ల చేతికివ్వరు కాబట్టి నోరు లాగి గుర్రాన్ని చెడగొట్టరు, కూర్చోవడం ఒక్కటే నేర్చుకుంటారు. 20 నిమిషాలు చాలు, ఐదు నిమిషాలకోసారి దిక్కు మార్చాలి. ఒకేవైపు తిప్పితే కీళ్లు దెబ్బతింటాయి. గుండ్రం 20 మీటర్ల వెడల్పు ఉండాలి. గుర్రానికి ఇది కష్టమైన పని కనుక 20 నిమిషాలే అయినా లాయంలోని నల్లబల్ల మీద పూర్తి క్లాసుగా రాయండి. ఇలాంటివి ఎనిమిది, పది అయ్యాక గుంపులోకి పంపొచ్చు. గుంపులో దూరం నిలుపుకోవడానికి ఒక్క మాట చాలు: "మీ గుర్రం చెవుల మధ్య నుంచి ముందు గుర్రం వెనక గిట్టలు కనబడాలి." కనబడకపోతే మరీ దగ్గరికొచ్చినట్టు.

ఇక మీ ఆరోగ్యం. రోజుకు ఐదు గంటలు మించి నేర్పకండి, ప్రయాణం వేరు. గొంతు పోవడానికి సగం కారణం ఎదురుగాలి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. నడుముకు కట్టుకునే చిన్న మైకు కొనుక్కోండి. కానీ పిల్లలెవరూ ఎక్కకముందు రెండు మూడు రోజులు గుర్రాలకు ఆ శబ్దం అలవాటు చేయాలి. ఎండ, ఉక్క ఎక్కువగా ఉన్న రోజు మీకు ఓఆర్ఎస్ కావాలి. వారంలో ఒక పూర్తి రోజు, ఇంకో పూట సెలవు రాసుకోండి. ఏ చోటయినా వారానికి రెండు గంటలు పిల్లలు లేకుండా మీరే గుర్రాలెక్కి సరిచేసే సమయం అడగండి. కొత్తవాళ్లు ఎక్కీ ఎక్కీ, పైన కూర్చున్నవాళ్ల కాలి సైగను గుర్రం పట్టించుకోవడం మానేస్తుంది. దాన్ని మళ్లీ దారిలో పెట్టాల్సింది మీరే.

రెండు లాయాలు తిరుగుతున్నారు కాబట్టి బ్రష్షులు, జీను కింది గుడ్డ, పొట్టపట్టీ ఒకచోటివి ఇంకోచోటికి మోయకండి. తామర ఇలాగే అంటుతుంది. గ్లాండర్స్ అనే అంటుజబ్బు అయితే గుర్రానికే కాదు, మనిషికీ వస్తుంది. ముక్కు నుంచి చిక్కటి చీము, చర్మం మీద పుండ్లు కనబడ్డ గుర్రం దగ్గరికి పోకుండా పశుసంవర్థక శాఖకు వెంటనే తెలపాలి.

ప్రశ్న: మా గుర్రానికి సూపర్ నేపియర్ గడ్డి, తవుడు బాగా పెడుతున్నాం. ముఖం ఉబ్బినట్టుంది, నడకలో తడబడుతోంది. మెల్లగా నడక క్లాసులకు వాడుకోవచ్చా? (ఆమదాలవలస)

జవాబు: వద్దు. ఎవర్నీ ఎక్కించకండి. మీరు రాసిన మేతే దీనికి కారణం కావచ్చు. నేపియర్‌లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తవుడులో భాస్వరం మరీ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రెండూ కలిసేసరికి గుర్రం తన ఎముకల్లోని కాల్షియాన్నే వాడుకుంటుంది. దవడ, ముఖం ఎముకలు గుల్లబారి ఉబ్బుతాయి. ఈరోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటడం కూడా దీని లక్షణమే. ఆవులు, గేదెలు కడుపులో ఆ ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టుకోగలవు. గుర్రం అలా చేయలేదు. పశువుల మేత చూసి గుర్రానికి వేయడం వల్ల వచ్చే చిక్కు ఇది.

డాక్టరు చెప్పిన మోతాదులో కాల్షియం మొదలుపెట్టండి. తాంబూలం సున్నం మాత్రం కలపకండి, నోరు, కడుపు కాలిపోతాయి. నేపియర్ స్థానంలో గరిక, బూజు లేని వేరుశనగ తీగ. తవుడు బాగా తగ్గించి నానబెట్టి ఉడికించిన ఉలవలు. వరిగడ్డి ఒక్కదానితో గుర్రం నిలవదు, మిగతా వాటికి తోడుగానే వేయాలి. ఎముక మళ్లీ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆ నెలలకు టైంటేబుల్‌లో ఈ గుర్రం పేరే ఉండకూడదు.

ప్రశ్న: అక్టోబరు వచ్చిందంటే వానలు, తుపాన్లు, పండగలు. క్లాసులు పోతే ఫీజు గొడవలు. ఏం చేయాలి? (టెక్కలి)

జవాబు: నెల ఫీజు తీసుకోవడం మానేయండి. క్లాసుల లెక్కన తీసుకోండి: ఎనిమిది క్లాసులు, ఐదు వారాల్లో పూర్తి చేయాలి. అక్టోబరుకైతే ఆరే అమ్మండి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న మీ జిల్లాలోనే తీరం దాటింది. అక్టోబరు నెలకు నాలుగు వారాల పాఠాలూ పూర్తిగా జరుగుతాయని మాట ఇవ్వడం తప్పు. పిల్లలు రానప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు చెబితే క్లాసు మిగులుతుంది, తర్వాత చెబితే పోయినట్టే. మీరే రద్దు చేస్తే ఎప్పుడైనా మిగులుతుంది. ఈ మూడు వాక్యాలు రసీదు వెనక ఉంటే గొడవలు చాలావరకు తగ్గుతాయి.

పండగలను గుర్రాల సెలవులతో కలిపేయండి. విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు తోలేళ్లు. ఆ రెండు రోజులూ ఎవరూ రారు, మైకుల హోరు వేరే. దీపావళికి మధ్యాహ్నం నుంచే గుర్రాలను కొట్టంలోకి చేర్చి, మర్నాడు కూడా ఎక్కించకండి. డిసెంబరులో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. బడి వదిలి వచ్చే పిల్లలకు వెలుతురు చాలదు, కాబట్టి వాళ్లను శని, ఆదివారాలకు మార్చండి. లైట్లు పెట్టేటట్టయితే రింగుకు నాలుగు మూలలా పెట్టాలి. ఒకవైపే పెడితే పొడుగాటి నీడలకు గుర్రం ఉలిక్కిపడుతుంది.

వాన వెలిశాక నేలను మడమతో గట్టిగా తొక్కి చూడండి. మడమ సగం దిగబడితే ఆరోజు నడకే, ట్రాట్ లేదు. బురదలో నాడా ఊడుతుంది, నరం బెణుకుతుంది. తుపాను హెచ్చరిక వస్తే రేకుల కొట్టంలో కట్టేసి ఉంచడం కంటే కొబ్బరిచెట్లు, కరెంటు తీగలు లేని ఆరుబయట వదలడం మేలు. గుర్రానికి రోజుకు 40 లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు డ్రమ్ముల్లో నింపండి. గుర్రం తలకట్టుకు మీ ఫోన్ నంబరు రాసిన గుడ్డపట్టీ కుట్టండి. గాలి తగ్గాక వెంటనే క్లాసులు మొదలెట్టొద్దు. ఎగిరిపడ్డ రేకుల మేకులు మైదానమంతా ఉంటాయి. అయస్కాంతం కట్టిన కర్రతో అడుగడుగూ ఏరాకే గుర్రాన్ని దింపాలి.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు గుర్రం అడుగుతున్నారు. క్లాసుల కంటే ఒక్క రాత్రికి వచ్చేదే ఎక్కువ. పంపొచ్చా? (విజయనగరం)

జవాబు: పిల్లలు ఎక్కే గుర్రాన్ని పంపకండి. డీజే పక్కన, బాణసంచా మధ్య రెండు మూడు గంటలు నిలబడ్డ గుర్రం చప్పుడంటే బెదరడం నేర్చుకుంటుంది. ఆ బెదురు వచ్చేవారం రింగులో మోటారుబైకు హారన్‌కు బయటపడుతుంది, అప్పుడు పైన ఉండేది ఎనిమిదేళ్ల పిల్ల. ఊరేగింపులకు వేరే గుర్రం ఉంటే, అది క్లాసుల్లో లేనిదయితే, పంపండి. పెళ్లికొడుకు బరువుకూ పైన చెప్పిన లెక్కే వర్తిస్తుంది. తారురోడ్డు మీద నాడాలు జారకుండా చూసుకోండి, మీ సైసు పగ్గం వదలకూడదు, టపాసులు 50 అడుగుల దూరంలోనే అని బయానా తీసుకున్నప్పుడే చెప్పండి. రాత్రి పన్నెండుకు తిరిగొచ్చినదానికి మర్నాడు రోజంతా సెలవని బల్ల మీద ముందే గీత గీసేయండి.